మూత మీది స్క్రూ

"కంచాలు నా నెత్తి మీద పెట్టుకుని వడ్డించమంటారా?" అంది తల్లి.

భోజనాల బల్ల మీద కంచం పెట్టే చోటు లేని మాట నిజమే. పాత దుప్పటి పరిచి, దాని మీద పడవ మోటారు కార్బురేటరును ఏ ముక్కకా ముక్క విప్పి పెట్టాడు మేస్త్రీ. కూర గిన్నెలో పెట్రోలు. పెట్రోల్లో ఇత్తడి ముక్కలు. ఒక సన్నటి గొట్టాన్ని పెదాల మధ్య ఇరికించుకుని బుగ్గలు పూరించి ఊదుతున్నాడు.

"నిన్నటి నుంచీ ఊదడమే. ఆ గాలేదో బెలూన్లలోకి ఊది ఉంటే ఇల్లు ఈపాటికి మేఘాల్లో ఉండేది."

"చెత్త ఉందే ఇందులో, ఎక్కడో."

"చెత్త మీ గొట్టంలో లేదు. నా బల్ల మీద ఉంది."

కొత్త కోడలు నవ్వు ఆపుకుని మామగారికి గుడ్డ అందించింది. అడక్కుండానే అందించింది. ఆయన తల ఎత్తకుండానే అందుకున్నాడు.

వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ పెద్దమ్మాయికి అది చూసేసరికి ఒళ్ళు భగ్గుమంది. రెండు జడలు వేసుకునే వయసు నుంచీ ఆ గుడ్డ అందించిన చెయ్యి తనది. పెళ్లయినా మొగుణ్ణే ఈ ఇంటికి తెచ్చుకుంది కానీ, నాన్న మోటార్లు బాగుచేసే షెడ్డు వదిలి వెళ్ళలేదు. నిన్నగాక మొన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పిల్ల, ఇవాళ అదే బల్ల దగ్గర అదే కుర్చీలో కూర్చుని గుడ్డ అందిస్తోంది!

"వదినా, మీరు కూడా రండి. మీ కన్ను పడితే దొరుకుతుందేమో," అంది కొత్త కోడలు.

"నా కన్నెందుకులే. నా కన్ను మంచిది కాదు," అంది పెద్దమ్మాయి.

మేస్త్రీ మళ్ళీ గొట్టం ఊదాడు.

ఆ గొట్టంలో ఏమీ లేదని ఆ ఇంట్లో ఒక్క పెద్దమ్మాయికే తెలుసు.

* * *

మోటారును ఇంటిల్లిపాదీ 'ముసలోడు' అంటారు. మేస్త్రీ పెళ్లి కంటే పాతది. ట్యాంకు దాని నెత్తి మీదే ఉంటుంది. మీట నొక్కితే స్టార్టయ్యే రకం కాదు. పైనున్న చక్రానికి తాడు చుట్టి, ఒడుపుగా ఒక్క లాగు లాగాలి. ఆ తాడు మేస్త్రీ మంచం పక్కన మేకుకి ఉండేది. ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. రేవులో ఎవరి మోటారు ఎంత కొత్తదైనా, ముసలోడి గొంతు వినపడితే అందరూ తలలు తిప్పి చూసేవారు. షెడ్డుకి బోర్డు లేదు. ఆ గొంతే బోర్డు.

ఈమధ్య మేస్త్రీ భుజం పట్టేసింది. ఇక లాగలేనన్నాడు. అందరి ముందూ తాడు తీసి, మోటార్ల సర్వీసు సెంటరులో పనిచేసి వచ్చిన కోడలి చేతిలో పెట్టాడు. "ఈ పిల్లకి చదువూ ఉంది, చేతి పట్టూ ఉంది," అన్నాడు. పెద్దమ్మాయి పక్కనే నిలబడి ఉంది. ఆమె వైపు చూడను కూడా చూడలేదు.

నిన్న పొద్దున ఆ తాడుతోనే మామా కోడళ్ళు పడవెక్కారు. తలనొప్పి అని పెద్దమ్మాయి షెడ్డు గుమ్మంలోనే ఉండిపోయింది. తలనొప్పి కాదు, కడుపుమంట. ముసలోణ్ణి పడవ వెనక పలకకి బిగించడం చూసింది. తాడు చుట్టడం చూసింది. అప్పుడు ఆమె బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే మెదిలాయి.

ఎవరూ మూత మీది స్క్రూ తిప్పలేదు.

ట్యాంకు మూత మీద గోరంత స్క్రూ ఉంటుంది. మోటారును భుజాన వేసుకుని మోసేటప్పుడు పెట్రోలు వీపున కారకుండా అది బిగిస్తారు. పడవకి తగిలించాక ఒక్క చుట్టు వదులు చేస్తేనే ట్యాంకులోకి గాలి పోతుంది. గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. మోటారు కాసేపు బ్రహ్మాండంగా తిరిగి, గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. మూత తీసి చూస్తే పెట్రోలు నిండా ఉంటుంది. మళ్ళీ మూత పెట్టి లాగితే మళ్ళీ కాసేపు తిరుగుతుంది. మూత తీసినప్పుడు గాలి లోపలికి పోయింది కదా మరి!

పెద్దమ్మాయి చిన్నప్పుడు పడవలో కుదురుగా కూర్చునేది కాదు. "ఇదిగో, ఇది తిప్పడం నీ పని," అని తండ్రి ఆ స్క్రూ ఆమెకి అప్పగించాడు. అంతే. ఆ రోజు నుంచీ ఆయన బిగిస్తాడు, ఆమె తిప్పుతుంది, ఆయన లాగుతాడు. దించేటప్పుడు మళ్ళీ ఆమే మూస్తుంది. ఏళ్ళు గడిచాక ఆయన చేతులు ఆ పని ఉందన్న సంగతే మరిచిపోయాయి. ఇక కోడలు నేర్చిన మోటార్లకి అలాంటి స్క్రూలే ఉండవు. వాటి మూతలు గాలిని వాటంతట అవే పీల్చుకుంటాయి.

నిన్న ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. ఒక్కసారి ఆగిపోవాలి, నాన్న ఒడ్డు వైపు తిరిగి తన కోసం వెతుక్కోవాలి, అనుకుంది. అంతకు మించి ఏమీ కోరుకోలేదు.

నడినీళ్ళలో ముసలోడు ఆగిపోయాడు. రేవంతా చూసింది, కొందరు ఈల కూడా వేశారు. కానీ నాన్న ఒడ్డు వైపు తిరగలేదు. ఒక తెడ్డు తను తీసుకుని, ఒక తెడ్డు కోడలికిచ్చాడు. ఇద్దరూ తెడ్లు వేసుకుంటూ, ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చారు. ఒడ్డెక్కాక ఆయన అన్న మాట పెద్దమ్మాయి చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది.

"తప్పు నీది కాదు బంగారూ. ముసలోడిది."

బంగారూ! ఆ పిలుపు ఈ ఇంట్లో ఒక్కరిది. ఇన్నాళ్ళూ ఒక్కరిది.

* * *

భోజనాలు నేల మీదే కానిచ్చారు. తర్వాత మేస్త్రీ కార్బురేటరు బిగించి, ముసలోణ్ణి పెరట్లో నీళ్ళ డ్రమ్ముకి తగిలించాడు. పక్కింటావిడ కిటికీ రెక్కలు టపటపా మూసుకుంది. ముసలోడి పొగ అలాంటిది.

"లాగు," అన్నాడు కోడలితో.

కోడలు చెంగు దోపుకుని, తాడు చుట్టి లాగింది. ముసలోడు దగ్గాడు. మళ్ళీ లాగింది. అందుకున్నాడు! డ్రమ్ములో నీళ్ళు కుతకుతలాడాయి. మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. మెడలో టేపు వేలాడేసుకుని టైలరు కూడా కుట్టు మిషను వదిలి వచ్చాడు. అతనే పెద్దమ్మాయి భర్త.

"చూశారా మామగారూ! మనిషికైనా మిషనుకైనా ఊదితే నయమవుతుంది," అన్నాడు.

బట్టలుతికే బండ మీద కూర్చున్న పెద్దమ్మాయి లేచి, దండెం మీది బట్టలు లాక్కుని లోపలికి నడిచింది. ఆమె గుమ్మం దాటిందో లేదో ముసలోడి గొంతు సన్నబడింది. ఆగిపోయాడు.

మేస్త్రీ మూత తీసి ట్యాంకులోకి తొంగి చూశాడు. "పెట్రోలు ఉంది," అన్నాడు అయోమయంగా. మూత పెట్టాడు. ప్లగ్గు మార్చాడు. కోడలు లాగింది. ముసలోడు మళ్ళీ అందుకున్నాడు. పెద్దమ్మాయి వచ్చి బండ మీద కూర్చుంది. కాసేపయ్యాక స్టవ్వు మీద పాలు గుర్తొచ్చి లేచింది. ఇంకాసేపటికి ముసలోడు ఆగాడు.

నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గీకాడు మేస్త్రీ. వైరు మార్చాడు. పెట్రోల్లో కలిపే నూనె తక్కువైందేమోనని పాతది పారబోసి, కొత్తగా కలిపి పోశాడు. ప్రతిసారీ అదే వరస. ఆయన భుజం నొప్పి ముఖంలోకి వచ్చేసింది. చివరికి డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడి, కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేమంటావే?"

నిన్నటి నుంచీ పెద్దమ్మాయి ఎదురుచూసిన మాట అదే. నాలుక చివర ఉంది జవాబు. కానీ ఆ వేళకి కోడలు ఆయన నుదుటి చెమట చూసి కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కోడలి భుజమే ఆసరాగా పట్టుకుని కూర్చున్నాడు.

"నన్నడిగితే ఏం లాభం నాన్నా? తాడు ఎవరి చేతిలో ఉందో వాళ్ళనే అడుగు."

"ఓహో," అన్నాడు మేస్త్రీ.

తిట్టినా బాగుండేది. చాలాసేపు డ్రమ్ములో నీళ్ళ మీద తేలుతున్న నూనె మరకలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోను తీసి, రోడ్డు మీది హోటలాయనకి చేశాడు. ఎప్పటి నుంచో అడుగుతున్నాడాయన, పాత మోటారు తన హోటలు గోడకి తగిలిస్తే అందంగా ఉంటుందని.

"ఆఁ, ఇవాళే పట్టుకుపోండి. ఇంక నా చేతికి లొంగదు," అన్నాడు ఫోనులో.

పొద్దున్నుంచీ సణిగిన తల్లి కొంగుతో కళ్ళద్దుకుంది.

* * *

"ఏమోయ్, లోపల ఏదో కాలుతున్న వాసన," అన్నాడు టైలరు మిషను తొక్కుతూ.

"పాలు దించేశాను."

"పాలు కాదు."

పెద్దమ్మాయి అతని ఎదురుగా స్టూలు మీద కూలబడింది. "గోడకి తగిలిస్తారట. విన్నారా? నా చేతుల్లో పెరిగిన మోటారు."

"నీ చేతుల్లో అది పెరగలేదు, నువ్వే దాని చేతుల్లో పెరిగావు. అంత బాధైతే వెళ్ళి ఆపొచ్చుగా?"

"నేనెవర్ని ఆపడానికి? ఆవిడంటే నాకేమన్నా అసూయా, నా మాట నెగ్గించుకోడానికి!"

టైలరు మిషను ఆపాడు. "నేను ఆవిడ ఊసెత్తలేదే."

"మీరు నోరు మూసుకుని కుట్టుకోండి!" అని విసురుగా లేచి వంటింట్లోకి పోయింది.

అక్కడ కొత్త కోడలు సబ్బు పొడితో చేతుల గ్రీజు వదిలించుకుంటోంది. అరచేతుల్లో తాడు ఒరుసుకుని తోలు లేచిపోయింది. సబ్బు తగిలి మండుతున్నట్టుంది. అయినా రుద్దుతూనే ఉంది. పెద్దమ్మాయికి నాన్న తనని తాడు లాగనిచ్చిన రోజు గుర్తొచ్చింది. లాగనిచ్చింది ఒక్కసారే. అప్పుడు తన చేతులూ ఇలాగే అయ్యాయి. ఆ ఆలోచన రావడం కూడా ఆమెకి నచ్చలేదు.

"వదినా, ఒక్క మాట అడగనా?"

"అడుగు. అడగడానికి నా పర్మిషనెందుకు?"

"ముసలోడు ఆగడానికి ముందే మీరు లేచిపోతున్నారు."

పెద్దమ్మాయి చేతిలో గ్లాసు గట్టు మీద ఠక్కున పడింది.

"ఏం వాగుతున్నావు?"

"ప్రతిసారీ చూశాను. చప్పుడు బాగానే ఉంటుంది. మీరు లేస్తారు. కాసేపటికి ఆగుతుంది. మొదటిసారి బట్టలు, తర్వాత పాలు, ఆ తర్వాత గేటు దగ్గర ఎవరో వచ్చారన్నారు. ఎవరూ రాలేదు." కోడలు గొంతులో కోపం లేదు. "మేం మోటారుని వింటున్నాం. మీకు వినక్కర్లేదు. ఎప్పుడు ఆగుతుందో మీకు ముందే తెలుసు."

"మామగారితో చెప్పు పో. నేనే పాడు చేశానని చెప్పు."

"మీరు పాడు చేశారని నేననలేదు." చేతులు తుడుచుకుంది. "మామయ్యకి నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు."

"గొప్ప మనసే నీది!"

"గొప్పా కాదు, పాడూ కాదు వదినా. ఆయన నిద్రపోలేదు నిన్న. నాకు అదొక్కటే తెలుసు."

కోడలు వెళ్ళిపోయాక పెద్దమ్మాయి గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. ఈ పిల్ల ఇంత నెమ్మదిగా మాట్లాడకపోతే ఎంత బాగుండును! జుట్టూ జుట్టూ పట్టుకునే రకమైతే ఈపాటికి తేలిపోయేది.

* * *

హోటలాయన ఎండ తగ్గాక చిన్న వ్యాను వేసుకుని వచ్చాడు. ముసలోడి చుట్టూ తిరిగి, వేలితో తట్టి చూశాడు.

"ఎర్ర రంగు కొట్టిస్తే అదిరిపోతుంది మేస్త్రీగారూ. ఈ చక్రం పీకేసి, ఆ చోట గడియారం పెట్టిస్తాను."

"గడియారమా?" అంది తల్లి.

"టైము చూసుకోడానికైనా పనికొస్తుంది కదండీ, పాపం!"

అతను జోకు వేశాననుకున్నాడు. మేస్త్రీ అరచేత్తో చక్రాన్ని నిమిరాడు. మూత తీసి ట్యాంకులోకి మరోసారి చూసి మూశాడు. ఆ చెయ్యి స్క్రూ మీదుగానే పోయింది. ఆగలేదు.

"పోయే ముందు ఒక్కసారి దీని గొంతు విందాం," అన్నాడు. "లాగు బంగారూ."

ఆ పిలుపు మళ్ళీ! పెద్దమ్మాయి బండ మీద కూర్చుని పళ్ళు బిగబట్టింది. పోనీ. గోడకి వేలాడనీ. తనది కానిది ఎవరిదీ కాకుండా పోనీ.

కోడలు బొబ్బల చేతుల్తో తాడు చుట్టి లాగింది. ముసలోడు ఒక్క లాగుకే లేచాడు. అందరూ మోటారునే చూస్తున్నారు. కోడలు మాత్రం మోటారు వైపు చూడ్డం లేదు. పెద్దమ్మాయి వైపు చూస్తోంది.

ఈసారి లేవకూడదు. ఏమైనా సరే, లేవకూడదు. రెండు చేతుల్తో బండ అంచు పట్టుకుంది. ముసలోడి గొంతు గుండ్రంగా, నిండుగా ఉంది. ఆ గొంతు వింటూ నాన్న కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అందులో వెంట్రుకంత తేడా వచ్చింది. ఇంకెవరికీ వినపడని తేడా. దాహం వేసినవాడి గొంతు అలాగే ఉంటుంది.

'గడియారం' అన్న మాట గుర్తొచ్చింది. చక్రం పీకేసి గడియారం!

పెద్దమ్మాయి లేచింది. ఇంట్లోకి పోలేదు. నాలుగు అంగల్లో డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, పొగలోకి చెయ్యి పెట్టి, బొటనవేలూ చూపుడువేలుతో మూత మీది స్క్రూ ఒక్క చుట్టు తిప్పింది.

సన్నగా ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. ఆగబోయిన ముసలోడు గుటక వేసి, ఒక్కసారిగా గర్జించాడు. డ్రమ్ములో నీళ్ళు లేచి హోటలాయన చొక్కా తడిపేశాయి. అతను 'అమ్మో' అని వెనక్కి గెంతాడు. ముసలోడు తిరుగుతూనే ఉన్నాడు. ఆగే వేళ దాటిపోయింది. ఇంకా తిరుగుతున్నాడు. తల్లి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా నిలబడింది. టైలరు మెడలోని టేపు తీసి గాల్లో ఊపాడు.

మేస్త్రీ కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాచి మోటారు ఆపేశాడు.

ఆయన మూత మీది స్క్రూని చూశాడు. వేలితో తాకాడు. కొత్త వస్తువును తాకినట్టు తాకాడు.

"దీన్ని నేను ముట్టుకుని ఎన్నేళ్ళయిందో," అన్నాడు తనలో తనే. తర్వాత కూతురి చేతిని చూశాడు. ఆయన చూపు చేతి మీది నుంచి ముఖం మీదికి వచ్చింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

పెద్దమ్మాయి ఆ చెయ్యి వెనక్కి దాచుకుంది.

"నిన్న పడవ కదిలినప్పుడే తెలుసా? నేను నిన్నటి నుంచీ ఆ గొట్టాలు ఊదుతుంటే తెలుసా? ఇందాక నేను నోరు విడిచి అడిగినప్పుడు తెలుసా?"

"నేనే చెప్పాను మామయ్యా," అంది కొత్త కోడలు.

అందరూ అటు తిరిగారు.

"ఇందాక వంటింట్లో అనుకున్నాం. ట్యాంకుకి గాలి అందడం లేదేమోనని నాకు అనుమానం వచ్చింది. మూత ఒకసారి చూడమని నేనే వదినకి చెప్పాను. నాకు ధైర్యం చాలక మీతో అనలేదు."

ఎంత తేలిగ్గా అనేసింది! రెప్ప కూడా వెయ్యలేదు. ఇది పెద్దమ్మాయిని కాపాడటమా? లేక తనకి మిగిలిన గోరంత స్క్రూ కూడా లాక్కోవడమా? ఆ పిల్ల ముఖంలో జవాబు కోసం వెతికింది. ఆ పిల్ల తల వంచుకుని, అరచేతిలో బొబ్బలకి తగలకుండా తాడును మెల్లిగా చుట్టుకుంటోంది.

మేస్త్రీ ముఖంలో ముడతలు సడలాయి. "శభాష్" అనడానికి నోరు తెరిచినవాడు, ఎందుకో ఆగి, మళ్ళీ కూతురి వైపు తిరిగాడు.

"నిజమేనా?"

అవునంటే తను గట్టెక్కుతుంది. స్క్రూ ఆ పిల్లదవుతుంది, తాడుతో పాటు, 'బంగారూ' అన్న పిలుపుతో పాటు. కాదంటే స్క్రూ తనదే. కానీ నిన్న పొద్దున షెడ్డు గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డ మనిషి కూడా తనే అవుతుంది.

హోటలాయన తడిసిన చొక్కా పిండుకుంటూ, "అయితే నన్ను వెళ్ళమంటారా?" అన్నాడు.

"నిన్నే అడుగుతున్నాను," అన్నాడు మేస్త్రీ. "నిజమేనా బంగారూ?"

ఈసారి ఆయన చూస్తున్నది పెద్దమ్మాయి వైపే.